నిమిషానికి 90 తిప్పలేకపోతే తప్పు కాళ్లది కాదు

సైకిల్ శిక్షణలోకి వచ్చినవాళ్లకి మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెప్పేస్తారు: "కేడెన్స్ 90 ఉండాలి." పెడళ్లు నిమిషానికి 90 చుట్లు తిరగాలన్నమాట. అక్కణ్ణుంచి మీటర్లో 74 కనిపించినా, 68 కనిపించినా మనసు చివుక్కుమంటుంది. మెరక ఎక్కేటప్పుడు 55కి పడిపోతే "నా కాళ్లలో బలం లేదు" అని తేల్చేసుకుంటారు. చాలాసార్లు లోటు ఉండేది వెనక చక్రానికున్న పళ్లచక్రాల కట్టలో, అంటే క్యాసెట్‌లో. అందులో సరిపడా పెద్ద కాగ్ (పళ్లచక్రం) ఉండదు, కాళ్ల మీద నింద పడుతుంది.

కేడెన్స్ అనేది మీ పవర్, మీ గేరు, రోడ్డు వాలు కలిసి తేల్చే అంకె. దాన్ని వేరొకరి మీటర్లోంచి అరువు తెచ్చుకోలేం. శిక్షణలో కనిపెట్టి ఉండాల్సింది ఒక్కో తొక్కుకి కాలి మీద ఎంత బరువు పడుతోందన్నది. ఆ బరువు అదుపులో ఉండేలా గేర్లు అమర్చుకుంటే కేడెన్స్ దానంతటదే దారికొస్తుంది. ఈ వరస తిరగేసి, ముందు అంకె పెట్టుకుని తర్వాత కాళ్లని దానికి లొంగదీయాలని చూస్తే మోకాళ్లో ఊపిరో, ఏదో ఒకటి మొరాయిస్తుంది.

ఆ బరువు తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు. క్రాంక్ (పెడల్ బిగించి ఉండే కడ్డీ) పొడవు 170 మిల్లీమీటర్లు అనుకుని, మీ పవర్ వాట్లను కేడెన్స్‌తో భాగించి 5.7తో గుణించండి. పెడల్ మీద సగటున పడే తోపు కిలోల్లో వస్తుంది. 200 వాట్లు, కేడెన్స్ 60 అయితే 19 కిలోలు. అదే 200 వాట్లకి కేడెన్స్ 90 అయితే 12.7 కిలోలు. ఇది చుట్టు మొత్తానికి సగటు. అసలు తోపంతా కాలు కిందికి దిగేటప్పుడే, గడియారంలో ఒంటిగంట నుంచి ఐదు గంటల దాకా ఉన్న మేరలోనే పడుతుంది కాబట్టి ఆ క్షణంలో బరువు దీనికన్నా చాలా ఎక్కువ.

రెండింటిలోనూ వేగం ఒకటే, రోడ్డు ఒకటే. తేడా ఆ పని ఎవరి నెత్తిన పడుతుందన్న దాంట్లో ఉంది. తక్కువ కేడెన్స్‌లో ప్రతి తొక్కుకీ బరువెక్కువ కాబట్టి తొడ కండరాల్లో త్వరగా అలసిపోయే రకం తంతువులు కూడా పనిలోకి దిగుతాయి. అవి గ్లైకోజెన్‌ని, అంటే కండరాల్లో నిల్వ ఉండే చక్కెరని, గబగబా కరిగించేస్తాయి. ఎక్కువ కేడెన్స్‌లో తొడలకి తెరిపి, కానీ గుండెకీ ఊపిరితిత్తులకీ పని పెరుగుతుంది. ఎందుకంటే కాళ్లకీ బరువుంది. ఏ తోపూ లేకుండా ఊరికే తిప్పినా వాటిని పైకీ కిందికీ ఆడించడానికి ఆక్సిజన్ ఖర్చవుతుంది, తిప్పే జోరు పెరిగేకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది.

90 అందరికీ ఎందుకు నప్పదో ఇక్కడే తేలుతుంది. రేసులో 400 వాట్లు తీసే రైడర్‌కి కేడెన్స్ 90 దగ్గర ఒక్కో తొక్కుకీ సగటున 25 కిలోలు పడతాయి. దాన్ని 70కి దించితే 32 దాటుతుంది. వాళ్లు వేగంగా తిప్పడానికి ఆ భారమే కారణం. 130 వాట్లతో వెళ్లే మనిషికి అదే 90 దగ్గర పడేది 8 కిలోలు. 75 దగ్గరైనా 10 కిలోలే. ఇంత తేలిక తోపుకి కాళ్లని 90 తిప్పించడమంటే, ఆదా చేయడానికేమీ లేని చోట ఆదా కోసం ఊపిరి ఖర్చు పెట్టడమే. ఆక్సిజన్ కొలిచి చూసిన ప్రయోగాలు చెప్పేదీ ఇదే: మోస్తరు పవర్ దగ్గర అతి తక్కువ ఆక్సిజన్‌తో పని జరిగే కేడెన్స్ 60 చుట్టుపక్కల ఉంటుంది, పవర్ పెరిగేకొద్దీ అది పైకి జరుగుతుంది. అలవాటైన రైడర్లు తమంతట తాము ఎంచుకునేది దానికన్నా ఎక్కువ. గంటల తరబడి వెళ్లాలంటే ఆక్సిజన్ ఒక్కటే చూసుకుంటే చాలదు, తొడలు కూడా చివరిదాకా మిగలాలి.

మహామహుల్లో కూడా ఒకే అంకె లేదు. గంట రికార్డు చూడండి. ట్రాక్ మీద, ఒకే గేరుతో, గంటలో ఎంత దూరం పోగలరన్నదే పరీక్ష. 1972లో మెక్సికో సిటీలో బెల్జియం రైడర్ ఎడ్డీ మెర్క్స్ 52×14 గేరుతో (ముందు 52 పళ్లు, వెనక 14) 49.431 కిలోమీటర్లు వెళ్లాడు. ఆ లెక్కన కేడెన్స్ సుమారు 104. 2022లో ఇటలీ రైడర్ ఫిలిప్పో గన్నా 65×14 గేరు వేసుకుని 56.792 కిలోమీటర్లు వెళ్లాడు. కేడెన్స్ సుమారు 96. అదే పని, అంతకన్నా ఎక్కువ వేగం, తక్కువ కేడెన్స్. వీళ్లలో ఎవరిది సరైనదని అడగడంలో అర్థం లేదు. ఎవరి గేరు వాళ్ల కాళ్లకి కుదిరింది.

గేరు లెక్క

ముందు ఒక్క చుట్టుకి మీ సైకిల్ ఎంత దూరం పోతుందో తెలుసుకోండి. ముందు చెయిన్‌రింగ్ (పెడళ్ల దగ్గరుండే పళ్లచక్రం) పళ్లను వెనక కాగ్ పళ్లతో భాగించి, చక్రం చుట్టుకొలతతో గుణించడమే. 700×28 టైరుకి చుట్టుకొలత దాదాపు 2.136 మీటర్లు. సొంత చక్రానిది కచ్చితంగా కావాలంటే టైర్లో మామూలుగా పెట్టే గాలే పెట్టి, వాల్వ్ కిందికి వచ్చిన చోట నేల మీద సుద్దతో గీత గీసి, సైకిలెక్కి కూర్చుని ఒక చుట్టు ముందుకు పోనిచ్చి, వాల్వ్ మళ్లీ కిందికి వచ్చిన చోట రెండో గీత గీయండి. మధ్య దూరమే కొలత. మనిషి బరువు పడకుండా కొలిస్తే కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది.

50×17లో ఒక చుట్టుకి 6.28 మీటర్లు. కేడెన్స్ 90 అయితే గంటకి 34 కిలోమీటర్లు. 34×17లో 4.27 మీటర్లు, 90 దగ్గర గంటకి 23. 50×11లో 90 తిప్పాలంటే గంటకి 52 కిలోమీటర్ల వేగంలో ఉండాలి. పల్లంలో తప్ప ఆ గేరు ఎంతమందికి అక్కరకొస్తుందో మీరే చెప్పండి. అయినా చాలా సైకిళ్లు ఈ కొసన ఉదారంగా, రెండో కొసన పిసినారిగా ఉంటాయి.

రెండో కొస అంటే మెరక. మనిషి, సైకిల్, నీళ్లు కలిపి 80 కిలోలు, రోడ్డు వాలు 8 శాతం, పవర్ 200 వాట్లు అనుకుందాం. వేగం గంటకి 10 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. సరిగ్గా 10 అనుకుంటే 39×25 గేరులో కేడెన్స్ 50. 39×28లో 56. 34×28లో 64. 34×32లో 73. 34×34లో 78. కాళ్లు అవే, వాట్లు అవే, కొండ అదే. కాగ్ మారితే 50 కాస్తా 78 అయింది, పెడల్ మీద సగటు బరువు 23 కిలోల నుంచి 15కి దిగింది. ఇక 150 వాట్లు తీసేవాళ్లైతే అదే మెరక మీద వేగం 7.8 దగ్గర ఉంటుంది, 34×28లో కేడెన్స్ సరిగ్గా 50. వాళ్లకి 34×34 వేసినా 61 దాకానే వస్తుంది. ముందు చెయిన్‌రింగ్ 30 పళ్లది ఉంటే 69. ఇలాంటి మనిషికి "ఇంకాస్త వేగంగా తిప్పు" అని సలహా ఇవ్వడం అన్యాయం. ఆ గేరులో వేగంగా తిప్పాలంటే వేగంగా ఎక్కాలి, వేగంగా ఎక్కాలంటే లేని వాట్లు కావాలి.

నా సలహా సూటిగా చెబుతాను. మీరు తరచూ ఎక్కే అత్యంత నిటారు మెరక మీద, గంటసేపు నిలకడగా తీయగలిగే పవర్‌తో వెళ్తే కేడెన్స్ కనీసం 70 ఉండేలా చివరి గేరు ఎంచుకోండి. 60 కన్నా తగ్గితే క్యాసెట్టో చెయిన్‌రింగో మార్చాల్సిందే. పవర్ మీటర్ లేకపోయినా ఫర్వాలేదు, ఆ మెరక మీద మీ వేగం తెలిస్తే పై లెక్కతో కేడెన్స్ వచ్చేస్తుంది. పెద్ద కాగ్ వేసుకోవడం నామోషీ అన్న భావన ఒకటి ఇంకా నడుస్తోంది. దాన్ని ఎంత త్వరగా వదిలేస్తే మోకాళ్లకి అంత మేలు.

క్యాసెట్ మార్చేముందు వెనక డీరైలర్ (చెయిన్‌ని ఒక కాగ్ మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) పరిమితులు రెండు చూడాలి. ఒకటి, అది మోయగలిగే అతి పెద్ద కాగ్. ఉదాహరణకి షిమానో అల్టెగ్రా ఆర్8000లో పొట్టి కేజ్ (డీరైలర్ కింద వేలాడుతూ చెయిన్‌ని బిగువుగా పట్టే భాగం) 30 పళ్ల వరకే, పొడవు కేజ్ 34 వరకు. రెండోది మొత్తం కెపాసిటీ: ముందు రింగుల తేడా, వెనక కాగ్‌ల తేడా కలిపిన అంకె. ముందు 50/34 (50, 34 పళ్ల రింగులు) ఉండి వెనక 11-34 (చిన్న కాగ్ 11 పళ్లు, పెద్దది 34) వేస్తే 16 ప్లస్ 23, మొత్తం 39. కేజ్ 35 వరకే అయితే చిన్న రింగు, చిన్న కాగ్ మీద చెయిన్ వేలాడిపోతుంది. ఇంకో ప్రమాదం చెయిన్ పొడవు. 28 నుంచి 34కి వెళ్లి పాత చెయిన్‌నే ఉంచేస్తే, పొరపాటున పెద్ద రింగు, పెద్ద కాగ్ మీదికి వెళ్లిన రోజున చెయిన్ బిగుసుకుపోయి డీరైలర్‌నీ, అది తగిలించిన హ్యాంగర్‌నీ విరిచేస్తుంది. కొత్త చెయిన్‌ని డీరైలర్ గుండా పోనివ్వకుండా పెద్ద రింగు, పెద్ద కాగ్ చుట్టూ తిప్పి, కొసలు కలిసే చోటికి మరో రెండు లింకులు కలిపి కత్తిరించాలి.

అయితే వెడల్పాటి క్యాసెట్‌కి ఒక మూల్యం ఉంది. కాగ్‌ల మధ్య ఎడాలు పెరుగుతాయి. 11-28 క్యాసెట్‌లో 13, 14, 15, 17, 19 అని దగ్గరదగ్గరగా ఉంటే, 11-32లో 14 తర్వాత 16, ఆపైన 18. కేడెన్స్ 90తో 18లో వెళ్తూ వేగం మారకుండా 16కి మారిస్తే కేడెన్స్ ఒక్కసారిగా 80 అవుతుంది. ఒకటి మరీ తేలిక, ఇంకోటి మరీ బరువు అనిపిస్తుంది. గుంపులో, ఎదురుగాలిలో చదును రోడ్డు మీద గంటల తరబడి వెళ్లేవాళ్లకి ఇది నిజంగానే చిరాకు. మెరకలు ఎక్కువుంటే వెడల్పు క్యాసెట్, అంతా చదునైతే దగ్గర పళ్ల క్యాసెట్. రెండూ కావాలంటే వెనక క్యాసెట్ దగ్గరగానే ఉంచి, ముందు రింగులు 46/30, 48/32 లాంటి చిన్నవి వేసుకోవడం నా దృష్టిలో మేలైన దారి. పోయేది గంటకి 50 దాటాక తొక్కే గేరు ఒక్కటే.

మీ కేడెన్స్ కనుక్కోవడం

సెన్సర్ లేకపోతే 15 సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 20 వస్తే 80.

పరీక్షకి వెనక చక్రం రోలర్ మీద ఆనే ఫ్లూయిడ్ ట్రైనర్ (ఇంట్లో సైకిల్‌ని నిలిపి తొక్కే సాధనం) చాలా అనువైనది. దాని మీద పవర్ చక్రం వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం మార్చకుండా గేరు మాత్రమే మారిస్తే పవర్ అలాగే ఉండి కేడెన్స్ ఒక్కటే మారుతుంది. 28 కిలోమీటర్ల వేగం పట్టుకున్నారనుకుందాం. 50×16లో కేడెన్స్ 70, 50×18లో 79, 50×20లో 87, 50×22లో 96. పావుగంట వేడెక్కాక ఒక్కో గేరులో 8 నిమిషాలు, మధ్యలో 4 నిమిషాలు తేలిగ్గా. ఇబ్బంది లేకుండా పొడి మాటలు మాట్లాడగలిగినంత పవర్ ఎంచుకోండి. ప్రతి విడతలో చివరి 2 నిమిషాల సగటు గుండె వేగం, ఊపిరి ఎలా ఉంది, తొడలు ఎలా ఉన్నాయి అన్న మూడూ రాసిపెట్టుకోండి. స్మార్ట్ ట్రైనర్ ఉంటే వాట్లు స్థిరంగా పెట్టుకుని ఇదే పని చేయొచ్చు.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. ఒంట్లో వేడి, నీరు తగ్గడం వల్ల పవర్ మారకపోయినా గుండె వేగం సమయంతోపాటు పైకి జారుతుంది. 70తో మొదలుపెట్టి 96తో ముగిస్తే చివరిదానికి గుండె వేగం ఎక్కువ చూపించడంలో కేడెన్స్ వాటా ఎంత, కాలం వాటా ఎంత అన్నది తేలదు. అందుకని రెండు మూడు రోజుల తర్వాత ఇదే పరీక్ష తిరగేసి, 96 నుంచి 70కి చేయండి. ఫ్యాన్ రెండు రోజులూ ఒకేచోట ఉండాలి. రెండింటి సగటు చూస్తే సాధారణంగా కింది కొసన తొడలు మండుతూ, పై కొసన ఊపిరి తన్నుకొస్తూ, మధ్యలో 10 నుంచి 15 చుట్ల వెడల్పున్న మేర ఒకటి కనిపిస్తుంది. అదే ఆ పవర్ దగ్గర మీ చోటు. పవర్ పెంచి మళ్లీ చేస్తే అది కాస్త పైకి జరుగుతుంది. ఆరు నెలల శిక్షణ తర్వాత కూడా జరుగుతుంది కాబట్టి ఆ కాగితం దాచుకోండి.

రెండు కొసల సాధన

సొంత మేర దొరికింది కదా అని అందులోనే ఉండిపోకూడదు. గుంపు ఒక్కసారిగా జోరందుకుంటే 110 తిప్పాల్సి వస్తుంది, గేర్లు అయిపోయిన మెరక మీద 55తో లాగాల్సి వస్తుంది. స్ప్రింట్‌లో అత్యధిక పవర్ వచ్చేది 110–130 ప్రాంతంలోనే. ఆ కొసలు అలవాటు లేకపోతే అవసరమైన రోజున కాళ్లు తడబడతాయి.

పై కొస కోసం తేలిక గేరులో 90తో మొదలుపెట్టి ప్రతి 15 సెకన్లకి 5 చొప్పున పెంచండి. పిరుదులు సీటు మీద ఎగరడం మొదలైన అంకె గుర్తుపెట్టుకుని, దానికి 5 తక్కువలో ఒక నిమిషం నిలబెట్టండి. మధ్యలో రెండేసి నిమిషాలు విరామమిస్తూ ఇలా ఆరుసార్లు, వారానికి రెండు రోజులు. ఎగరడానికి ముఖ్య కారణం కాలు కిందికి చేరాక కూడా ఇంకా కిందికే తోస్తూ ఉండటం. పోవడానికి చోటు లేక ఆ తోపు శరీరాన్ని పైకి లేపుతుంది. చెప్పుకి అంటిన మట్టిని మెట్టుకి రాసి వెనక్కి లాగినట్టు, పాదం అడుగుకు చేరకముందే వెనక్కి తీయడం మొదలుపెడితే తగ్గుతుంది. వెనక కాలిని బలంగా పైకి లాగాలనే సలహాని మాత్రం పట్టించుకోవద్దు. అలా లాగితే పవర్ అంతే ఉండి ఆక్సిజన్ ఎక్కువ ఖర్చవుతుందని కొలిచి చూపించారు. పైకొచ్చే కాలు తన బరువుని రెండో కాలి మీద మోపకుండా ఉంటే చాలు.

ఎంత సాధన చేసినా 95 దగ్గరే ఎగురుతుంటే సీటు ఎత్తు చూడండి. ఎక్కువైతే ప్రతి చుట్టుకీ నడుము అటూ ఇటూ ఊగుతుంది. కాలి లోపలి కొలతని (గజ్జల నుంచి నేల దాకా) 0.883తో గుణిస్తే బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగానికి ఉండాల్సిన ఎత్తు ఉజ్జాయింపుగా వస్తుంది. 80 సెంటీమీటర్లకి 70.6. అక్కణ్ణుంచి ఒక్కసారికి 3 మిల్లీమీటర్లకి మించకుండా మార్చుకుంటూ రండి. పొట్టి కాళ్లకి 175 క్రాంక్ ఉన్నా ఇదే ఇబ్బంది వస్తుంది.

కింది కొస సాధన గురించి అతిశయోక్తులు ఎక్కువ. 4 నుంచి 6 శాతం మెరక మీద, కూర్చునే, కేడెన్స్ 50–60తో 5 నిమిషాలు చొప్పున మూడు విడతలు మంచి మొదలు. నెలలో 8 నిమిషాల విడతలు నాలుగుకి పెంచొచ్చు. గంటసేపు తీయగలిగే పవర్‌కి దిగువనే ఉండాలి, నడుము కదలకూడదు, హ్యాండిల్‌ని పీకకూడదు. దీనివల్ల బరువు గేరులో లయ తప్పకుండా తొక్కడం వస్తుంది. కానీ జిమ్‌లో బరువులెత్తడానికి ఇది బదులని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. 200 వాట్లు, కేడెన్స్ 50 అంటే సగటు తోపు 23 కిలోలే. కుర్చీలోంచి ఒంటికాలి మీద లేచి చూడండి, దానికన్నా చాలా ఎక్కువ పడుతుంది. కండబలం కావాలంటే స్క్వాట్లు చేయాలి. మోకాలి చిప్ప ముందు భాగంలో ఏ కాస్త నొప్పి ఉన్నా కింది కొస సాధన మానేయాలి. ఆ నొప్పి ఎక్కువగా వచ్చేది బరువు గేర్లు, కిందికున్న సీటు కలిసినప్పుడే.

స్మార్ట్ ట్రైనర్‌లో వాట్లని తనే పట్టి ఉంచే ఎర్గ్ మోడ్‌కి ఒక గుణం ఉంది. అలసి కేడెన్స్ తగ్గితే వాట్లు తగ్గకుండా అది తోపు పెంచుతుంది. దాంతో కేడెన్స్ ఇంకా తగ్గుతుంది, అది ఇంకా బిగిస్తుంది, చివరికి కాళ్లు నిలిచిపోతాయి. విడత మొదలయ్యే 5 సెకన్ల ముందే కేడెన్స్ 5–10 పెంచి ఉంచుకోండి. చిక్కుకున్నారా, పోరాడకుండా తొక్కడం ఆపి ట్రైనర్ వదిలాక మళ్లీ అందుకోండి. ఇంకోటి, ఎర్గ్‌లో ఏ గేరైనా వాట్లు ఒకటే అయినా కాళ్లకి తెలిసేది ఒకటే కాదు. పెద్ద రింగులో ఫ్లైవీల్ (ట్రైనర్‌లోని బరువైన చక్రం) వేగంగా తిరిగి చదును రోడ్డులా ఉంటుంది. 34 పళ్ల రింగులో నెమ్మదిగా తిరిగి మెరకలా ఉంటుంది, ప్రతి తొక్కులోనూ సందు తెలుస్తుంది. మెరక కోసం సాధన చేసేవాళ్లు 34లోనే చేయాలి.

రోడ్డు మీద మిగిలింది గేరు మార్చే సమయం. కేడెన్స్ 60కి పడ్డాక మారిస్తే చెయిన్ మీద అప్పటికే బరువు నిండుగా ఉంటుంది, పళ్లు అరిగిన క్యాసెట్ అయితే జారుతుంది కూడా. మెరక మొదలవకముందే, కేడెన్స్ 80 దగ్గర ఉండగా, అర చుట్టు పాటు తోపు తగ్గించి మార్చాలి. ముందు రింగు మార్చేటప్పుడు వెనక కూడా సరిచూసుకోవాలి. గంటకి 25 వేగంలో 50×20 మీద కేడెన్స్ 78 ఉంటుంది. ఉన్నపళాన ముందు 34కి వేస్తే 115కి ఎగిరి కాళ్లు గాల్లో తిరిగినట్టవుతాయి, ఆ రెండు సెకన్లలోనే వేగం కారిపోతుంది. 11-32 క్యాసెట్‌లో అదే సమయంలో వెనక మూడు కాగ్‌లు కిందికి, 14కి దించితే కేడెన్స్ 80 దగ్గరే నిలుస్తుంది. చదును రోడ్డు మీద పదిసార్లు చేస్తే చేతికి వచ్చేస్తుంది.